కడలి అడుగున పంచాంగము

కళింగపట్నపు తీరమున, వంశధార కడలిలో కలియుచోట నిలిచి, తడియిసుకను దోసిట నెత్తి ఎండలో పరికించినచో, తెల్లని రేణువుల నడుమ కెంపుపొడి చల్లినట్లు ఎర్రని గార్నెట్టు నలుసులు మెరయుచుండును. తూర్పుకనుమలలోని ఖొండలైటు శిలలు శిథిలమై, ఏరులవెంట దిగివచ్చిన నలుసులవి. ఆ కొండలలో నివసించు కోందు ప్రజల పేరు మీదుగా 1902లో వాకర్ అను భూవిజ్ఞాని ఆ శిలకీ నామము నొసగెను. కోణార్క దేవాలయమును కట్టినదియు ఈ జాతి రాతితోనే. శ్రీకాకుళ విజయనగర మండలములలో ఎన్ని మెట్టలను తొలిచినను ఈ శిలయందు ఒక్క గుల్లయైనను, ఒక్క ఆకుముద్రయైనను కానరాదు. అయినను పుట్టుకచే ఇది అవక్షేపశిలయే. ఏనాడో నీటి అడుగున పొరలుపొరలుగా దిగిన బంకమట్టి, భూగర్భమునకు క్రుంగి, సుమారు నూరు కోట్ల సంవత్సరముల క్రిందట ఎనిమిది తొమ్మిది వందల డిగ్రీల వేడిమిలో పక్వమై, గార్నెట్టు, సిల్లిమనైటు మున్నగు ఖనిజములుగా రూపు మార్చుకొని ఈ శిల అయినది. ఆ మట్టిలో ఏ సూక్ష్మజీవులుండినను వాటి ఆకృతులు ఆ పాకమున మాసిపోయినవి. అక్కడక్కడ నల్లగా మెరయు గ్రాఫైటు మాత్రము అట్టి జీవుల కర్బనశేషము కావచ్చునని శాస్త్రజ్ఞులు తలంతురు. అందుచేత ఈ కొండల వయస్సును జిర్కాను స్ఫటికములలోని యురేనియమును, అది క్షయించగా ఏర్పడిన సీసమును కొలిచి నిర్ణయింపవలసి వచ్చినది.

మన కాళ్లక్రింది శిలల పంచాంగము ఇట్లు దగ్ధమైనది. కాని ఆ శిలలు అరిగి కడలిలోనికి పోయిన మట్టిలో మరియొక పంచాంగము నేటికిని వ్రాయబడుచున్నది. ఫొరామినిఫెరాలు మొదలగు సూక్ష్మజీవుల పెంకులే దాని అక్షరములు. ఫొరామినిఫెరా ఏకకణజీవి, అయినను గదిప్రక్కన గదిగా సున్నపు గూడు కట్టుకొని, ఆ గూటి రంధ్రములగుండ దారముల వంటి జీవపదార్థమును చాచి ఆహారమును గ్రహించును. కొన్ని జాతులు సముద్రపు పైనీటిలో తేలియాడును, కొన్ని అడుగు మట్టిలో బ్రతుకును. చచ్చిన పిమ్మట గూళ్లన్నియు అడుగునకు చేరి, నదులు తెచ్చిన ఒండ్రుతో కలిసి కప్పబడిపోవును. తేలియాడు జాతులను ప్రవాహములు మహాసముద్రమంతట వెదజల్లును. ఒకసారి అంతరించిన జాతి మరల పుట్టదు. కాబట్టి ఒక జాతి మొదట కనబడిన పొర, కడపట కనబడిన పొర అను రెండును వేయి కోసుల దూరమున నున్న మట్టిని సయితము ఒకే కాలమునకు ముడివేయగలవు.

ఈ జీవుల నిజస్వరూపము తెలియుటకే చాల కాలము పట్టినది. 1826లో ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఆల్సిడ్ దోర్బిన్యీ వాటికి ‘రంధ్రధారులు’ అను అర్థమిచ్చు నేటి పేరును పెట్టి, సుడితిరిగిన గూటిని చూచి అవి అష్టపాదుల కుటుంబమునకు చెందిన చిన్న ప్రాణులని భ్రమించెను. 1835లో ఫెలిక్స్ దుజార్దెన్ సజీవమైన వాటిని పరీక్షించి, అందు అవయవములేవియు లేవని, ఉన్నది ఒక్క జీవపదార్థపు ముద్దయేనని తేల్చెను. ఆపైన చిరకాలము పండితులు వాటి సౌందర్యమును వర్ణించుచు, జాతులకు నామకరణము చేయుచు నుండిరే కాని వాటిచే కాలమును కొలిపించు పనిని విరివిగా చేపట్టలేదు.

ఆ పనిని ప్రధానముగా చేయించినది పెట్రోలియము. నూనెకొరకు బావిని తొలుచునపుడు ఉక్కుమొన రాతిని పిండిచేసి పైకి పంపును. అరచేతియంత శంఖము ఆ దెబ్బకు గుర్తు లేకుండ పోవును, ఆవగింజకన్న చిన్నదైన గూడు మాత్రము చెక్కుచెదరక పైకి తేలివచ్చును. అమెరికాలోని టెక్సస్ తీరమున మూడు వేరువేరు నూనె సంస్థలలో పనిచేయుచుండిన ఎస్తర్ ఆప్లిన్, ఆల్వా ఎలిసర్, హెడ్విగ్ నైకర్ అను మువ్వురు స్త్రీలు ఈ సంగతిని గ్రహించిరి. 1921లో ఆప్లిన్ దీనిని ఒక శాస్త్రసభలో విన్నవింపగా పెద్దలు పరిహసించిరి. ఆ మువ్వురును వెనుదీయక, తమ సంస్థల నడుమ పోటీ ఉన్నను ఒకరి నమూనాలను మరియొకరు పోల్చిచూచుకొని, 1925లో టెక్సస్, లూయిసియానాల తీరమైదానపు భూగర్భపు పొరలను వరుసపెట్టి గొప్ప వ్యాసమును ప్రకటించిరి. నా దృష్టిలో ఈ విద్యకు నిజమైన జన్మసంవత్సరము 1826 కాదు, 1925.

దీని పనితీరు చూచుటకు సులభము, చేయుటకు మహా ఓర్పు కావలెను. మట్టిని నానబెట్టి, తలవెండ్రుక మందమంతటి కన్నులుగల జల్లెడపై నీటితో కడుగుదురు. బురద జారిపోగా మిగిలిన తెల్లని పొడిని ఆరబెట్టి నల్లని పళ్లెరములో పలుచగా చల్లి, సూక్ష్మదర్శినిక్రింద సన్నని కుంచెను తడిచేసి ఒక్కొక్క గూటిని అంటించి తీసి, పలకపై జాతివారీగా అమర్చుదురు. ఇంతకన్న చిన్నవి కాకోలిత్తులు. ఇవి సూక్ష్మమైన శైవలములు తమ మేనిపై తొడుగుకొను సున్నపు బిళ్లలు, మిల్లీమీటరులో కొన్ని వేయివంతులంత. వాటికి జల్లెడ పనికిరాదు, అగ్గిపుల్ల కొనయంత మట్టిని గాజుపలకపై పూసి ధ్రువీకృతకాంతిలో వెదకవలెను. నక్షత్రాకారము గల డిస్కోఆస్టర్ జాతులలో కడపటిది సుమారు 19 లక్షల సంవత్సరముల క్రిందట నశించినది. గ్లోబిజెరినాయిడిస్ రూబర్ అను ఫొరామినిఫెరాలోని గులాబీవన్నె రకము హిందూ, పసిఫిక్ సముద్రములలో సుమారు 1,20,000 సంవత్సరముల క్రిందట మాయమై, అట్లాంటికులో నేటికిని బ్రతికియున్నది. మన సముద్రపు మట్టిలో పైనుండి క్రిందికి వెదకుచు పోగా ఆ గులాబీ గూడు మొదట తగిలిన పొర ఆ తిథికి గుర్తు.

ఇందు రెండు మోసములు కలవు. బావిని తొలుచునపుడు పై పొరల పెళ్లలు జారి క్రింది పొడిలో కలియును. కావున నూనెబావిలో ఒక జాతి ఎంతలోతు వరకు కనబడినదను సంగతిని నమ్మరాదు, దిగుచుండగా మొదట ఎచ్చట తగిలినదో దానినే, అనగా దాని అంతర్ధానమునే నమ్మవలెను. ఇక ప్రాచీనమైన గట్లు కోసుకొనిపోగా ముదుసలి గూళ్లు క్రొత్త మట్టిలో చేరుట రెండవది. అరిగిన అంచులను, మాసిన వన్నెను బట్టి వాటిని పట్టుకొందురు. మరియు గూళ్లు చెప్పునది క్రమమే కాని సంవత్సరసంఖ్య కాదు. ఆ సంఖ్యను అగ్నిపర్వతపు బూడిదలోని రేడియోధార్మిక మూలకములనుండియు, భూమి అయస్కాంతధ్రువములు తారుమారైన జాడలనుండియు తెచ్చి ఆ క్రమమునకు తగిలించిరి.

ఆంధ్రదేశమున ఈ విద్యకు ప్రసిద్ధికెక్కిన క్షేత్రము రాజమహేంద్రవరము. అచ్చటి నల్లరాతి లావాపొరల నడుమ చిక్కిన సున్నపురాతిలోని సూక్ష్మశిలాజములను ఆధారముగా గొని, 1936లో ఎల్. రామారావు, ఎస్.ఆర్. నారాయణరావు, కె. శ్రీపాదరావు ఆ లావా వయస్సును చర్చించిరి. 2008లో గెర్టా కెల్లర్ బృందము ఆ నడిమిపొరలలోని తేలియాడు ఫొరామినిఫెరాలను పరీక్షించి, క్రింది లావాపొర పారుట ముగిసినది 6.6 కోట్ల సంవత్సరముల నాటి, రాక్షసిబల్లులు నశించిన, యుగసంధికి సమీపముననే యని ప్రకటించెను.

ఉత్తరాంధ్ర వంతు సముద్రగర్భమున నుండెను. 1952లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన అమెరికా సముద్రశాస్త్రజ్ఞుడు లఫాండ్, భూగర్భశాస్త్రశాఖాధిపతి మహాదేవనుతో కలిసి ఈ కడలిని పరిశోధించుట కారంభించెను. ఇచ్చటి సముద్రగర్భపు లోయలలో ఒకటి ఆంధ్రమని, ఒకటి మహాదేవనని పేరు పొందినవి. తరువాత 2014 నవంబరులో సింగపూరునుండి బయలుదేరిన జాయిడెస్ రిజల్యూషన్ అను త్రవ్వకపు నౌక, అంతర్జాతీయ సముద్రగర్భశోధనలో 353వ యాత్రగా బంగాళాఖాతము చేరెను. ఋతుపవనముల చరిత్రను కనుగొనుట ఆ యాత్ర ఉద్దేశము. కళింగపట్నమునకు ఆగ్నేయముగా సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, రెండున్నర కిలోమీటర్ల నీటిక్రింద, యు 1445 అను స్థలమున గొట్టములు దింపి ఆరువందల మీటర్లకు మించిన లోతువరకు మట్టిని స్తంభములుగా పైకి తీసిరి. ఫొరామినిఫెరాలు, కాకోలిత్తులు, గాజుపెంకుల డయాటములు నౌకపైననే పరీక్షింపబడగా, అట్టడుగు మట్టి వయస్సు సుమారు 60 లక్షల సంవత్సరములని తేలినది. లెక్కవేసినచో వేయి సంవత్సరములకు అరజానెడు మట్టి పేరుకొన్నదన్నమాట. ఏ యుగమున వానలు బలముగా కురిసినవో, ఏ యుగమున సన్నగిల్లినవో చెప్పవలసిన ఆ మట్టికి ఈ గూళ్ల తిథులు లేనిచో అది తేదీలు చిరిగిపోయిన జాబుల కట్టయే అయియుండును.

ఆ మట్టిస్తంభములు నేడు జపానుదేశపు కోచి నగరములోని భాండాగారమున చల్లని గదులలో భద్రముగా నున్నవి. తగిన ప్రశ్నతో దరఖాస్తు చేసికొన్న ఏ దేశపు పరిశోధకునికైనను వాటినుండి నమూనాలు ఇచ్చెదరు. వంశధార, నాగావళి ఒడ్డుల పిల్లలలో జల్లెడ, కుంచె, ఓర్పు గలవారు ఆ దరఖాస్తును వ్రాయవలెనని నా ప్రార్థన.