రాయని పరీక్ష మిగిల్చిన బెంగ

పురానాపూల్ అంటే పట్నం పోయి వచ్చే మన పల్లెవాసులకు కొత్తగా చెప్పవలసిన పేరు కాదు. 1578లో గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షా మూసీ నదిపై కట్టించిన 22 కమానుల రాతి వంతెన అది. వాహనాలు పక్కనున్న కొత్త వంతెన మీదికి మళ్లాక పాత వంతెన మీద కూరగాయల అంగళ్లు వెలిశాయి. పక్కనే జియాగూడ మండీ. గొర్రెలను లారీకెత్తి అక్కడికి తోలుకుపోయే గొల్ల కురుమలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. ఆ వంతెనకు అటూ ఇటూ కార్వాన్, ధూల్‌పేట, హుస్సేనీ ఆలం వాడల ఇరుకు ఇళ్లలో ఉర్దూ చదివే పిల్లలున్నారు, తెలుగు చదివేవారున్నారు, హిందీ చదివేవారూ ఉన్నారు. ఆ పిల్లల చదువుకూ మన ఊరి పిల్లల చదువుకూ ఏమి సంబంధమని ఎవరైనా అడగవచ్చు. 2020వ సంవత్సరంలో పదవ తరగతి పరీక్షలు ఆ సంబంధాన్ని బాగా తెలియజేశాయి.

ఆ ఏడాది మార్చి 19వ తేదీన తెలంగాణలో పరీక్షలు మొదలయ్యాయి. మొత్తం 11 పేపర్లలో మూడు ముగిశాయో లేదో, కరోనా వ్యాధి కారణంగా హైకోర్టు ఆదేశంతో మిగిలినవి వాయిదా పడ్డాయి. ఆ తరువాత దేశమంతా తలుపులు మూసుకుంది. లెక్కలు, సైన్సు, సోషల్ పుస్తకాలు చాప మీద పరచుకుని కూర్చున్న పిల్లలు అలాగే ఉండిపోయారు. మే నెలలో జియాగూడ వాడలలో వరుసగా కేసులు బయటపడి, వీథులకు అడ్డంగా బారికేడ్లు కట్టారు. పరీక్షలు జూన్ 8 నుంచి పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. బల్లకు ఒక్కరే కూర్చునేలా పరీక్షా కేంద్రాల సంఖ్య పెంచింది. పిల్లలు మళ్లీ పుస్తకాలు దుమ్ము దులిపారు.

జూన్ 6వ తేదీన హైకోర్టు, గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధి మినహా మిగతా చోట్ల పరీక్షలు జరుపుకోవచ్చునని చెప్పింది. అంటే ఊరి పిల్లలు రాయవచ్చు, పురానాపూల్ పిల్లలు రాయరాదు. ఒకే రాష్ట్రంలో ఒకే పరీక్షను రెండుసార్లు పెట్టడం కుదరదని ప్రభుత్వం భావించింది. జూన్ 8వ తేదీన అప్పటి ముఖ్యమంత్రి శ్రీ కె. చంద్రశేఖరరావు మిగిలిన పరీక్షలను రద్దు చేసి, 5,34,903 మంది విద్యార్థులనూ పై తరగతికి పంపుతున్నట్లు ప్రకటించారు. మూసీ ఒడ్డున ఉన్న జబ్బు, జబ్బు సోకని తండాలోని పిల్లవాడి పరీక్షను కూడా ఆపివేసింది. ఆ నిర్ణయాన్ని తప్పు పట్టడానికి లేదు. ప్రాణం కన్నా పరీక్ష ఎక్కువ కాదు. అయితే నిర్ణయం ఎంత సరైనదైనా, దాని బరువు మోసింది పదిహేనేళ్ల పిల్లలు.

పగలు గంతులు, రాత్రి మౌనం

పరీక్ష రద్దయిందన్న మాట టీవీలో విన్న మరుక్షణం గంతులు వేసిన పిల్లలు తక్కువేమీ కాదు. పెద్దలు చూసింది ఆ గంతులే. "అదృష్టవంతుడివిరా, రాయకుండానే పాసయ్యావు" అని మామలు, బాబాయిలు భుజం తట్టారు. కానీ చదివే పిల్లలలో ఎక్కువమంది ఆ సాయంత్రానికే మూగబోయారు. తెల్లవారుజామున లేచి, కరెంటు లేని రాత్రుల్లో దీపం పెట్టుకుని చదివిందంతా ఎవరికి చూపాలి? ఎకరం పొలం దున్ని విత్తి, కలుపు తీసి, కోతకు వచ్చాక తూకం వేసేవాడు రాలేదంటే రైతుకు ఎలా ఉంటుందో పిల్లవాడికీ అలాగే ఉంటుంది.

వెనుకబడిన పిల్లవాడి బాధ ఇంకో రకం. గట్టెక్కానన్న సంతోషం ఉంటుంది, నిజంగా రాస్తే గట్టెక్కేవాణ్ణి కాదేమోనన్న చిన్నతనం కూడా ఉంటుంది. "కరోనా బ్యాచ్" అన్న వేళాకోళం వీళ్లకే ఎక్కువ తగిలింది. బస్సులో, పెళ్లి పందిట్లో, చివరికి ఉద్యోగం అడగడానికి పోయిన చోట కూడా ఆ మాట వినబడింది. నవ్వులాటకు అన్నదే కావచ్చు. కానీ మూడు నెలలు వరుసగా విన్నవాడికి అది నవ్వులాట కాదు.

ఇక్కడ తల్లిదండ్రులు చేయగలిగిన మొదటి పని చాలా చిన్నది. సంతోషించిన పిల్లవాణ్ణి "సిగ్గులేదా" అనకూడదు, ఏడ్చిన పిల్లను "ఇందులో ఏడవడానికేముంది" అనకూడదు. ఏమి చదివావో చెప్పమని కూర్చోబెట్టి వినాలి. చదువురాని తల్లి అయినా వినగలదు.

రద్దు వార్త కంటే ముందు నడిచిన అనిశ్చితి పిల్లలను ఎక్కువ నలిపిందని ఈ రచయిత అభిప్రాయం. ఉంటుందట, లేదట, వచ్చే వారమట అంటూ రెండున్నర నెలలు గడిచాయి. ఫోన్లలో రోజుకో పుకారు. అలాంటి సమయంలో ఇంటి పెద్ద ఒకరు బడికి వెళ్లి ప్రధానోపాధ్యాయుణ్ణి కలిసి, తెలిసినదేమిటో, ఇంకా తేలనిదేమిటో విడదీసి పిల్లవాడికి చెప్పాలి. "తేలలేదు, తేలగానే చెబుతాను" అనడం కూడా ఒక జవాబే. పిల్లలు దానితో కుదుటపడతారు.

మార్కులు ఎక్కడి నుంచి వచ్చాయి?

పరీక్ష లేనప్పుడు మార్కులు ఎలా వేశారని చాలామంది రైతులకు నేటికీ సందేహమే. ఏడాది పొడుగునా బడిలో జరిగే చిన్న పరీక్షలు ఆధారమయ్యాయి. చదివిన పాఠంపై స్పందన రాయడం, నోటు పుస్తకం, ప్రాజెక్టు పని, స్లిప్ టెస్టు, ఇలా ఒక్కోదానికి 5 చొప్పున 20 మార్కులు. వాటినే వందకు లెక్కగట్టి 2020లో గ్రేడ్లు ఇచ్చారు. స్లిప్ టెస్టు రోజున పత్తి ఏరడానికి పోయిన పిల్లకు అది ఎంత నష్టమో అప్పుడుగాని తెలియలేదు.

2021లో పరిస్థితి ఇంకా చిత్రం. బడులు తెరిచిందే ఫిబ్రవరి 1న. మార్చి చివరిలో మళ్లీ మూశారు. ఏప్రిల్ 15న పరీక్షలు రద్దు చేశారు. ఒక్క చిన్న పరీక్ష ఆధారంగానే మే 21న ఫలితాలు ఇచ్చారు. 5,21,073 మందీ ఉత్తీర్ణులే. వారిలో 2,10,647 మందికి పదికి పది. అంటే నూటికి నలభై మంది ప్రథములే! దానం చేసినట్లు పది ఇచ్చారు గదా, ఇక బాధేమిటని అనుకోవచ్చు. నిజంగా పదికి తగ్గట్టు చదివిన ప్రభుత్వ పాఠశాల బాలికను అడగాలి. అంతకు ముందు పల్లె పిల్లలు పదవ తరగతి గ్రేడు చూపించి బాసర ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకునేవారు. రెండు లక్షల మందికి పది వస్తే ఎవరికని ఇస్తారు? ఆ ఏడాది బాసరలో ప్రవేశాలు పాలిసెట్ ర్యాంకుతో జరిపారు. ఒక పరీక్ష రద్దయితే దాని స్థానంలో ఇంకొకటి వచ్చి కూర్చుందన్నమాట. పాలిసెట్ సంగతి ముందుగా తెలిసినవారు బాగుపడ్డారు, తెలియనివారు పది పట్టుకుని ఇంట్లో ఉన్నారు.

ఇంగ్లండులోనూ తంటాలు తప్పలేదు. 2020 ఆగస్టులో అక్కడ ఉపాధ్యాయులు వేసిన గ్రేడ్లను కంప్యూటరు లెక్కతో సవరించారు. దాదాపు నూటికి నలభై గ్రేడ్లు తగ్గిపోగా పిల్లలు వీథిన పడ్డారు. నాలుగు రోజులకే ప్రభుత్వం ఆ లెక్కను వెనక్కు తీసుకుంది.

రద్దయిన పరీక్ష తిరిగి వచ్చింది

అన్నిటికన్నా బాధాకరమైనది ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థుల కథ. పదవ తరగతిలో 2020 రద్దును చూసింది కూడా వీళ్లే. 2021లో వీళ్లను పరీక్ష లేకుండా రెండవ సంవత్సరానికి పంపారు. పాత పుస్తకాలు తమ్ముళ్లకు ఇచ్చినవారు ఇచ్చారు, పాత కాగితాల వాడికి వేసినవారు వేశారు. తీరా రెండవ సంవత్సరం పాఠాలు నడుస్తుండగా, మొదటి సంవత్సరం పరీక్షలు అక్టోబరు 25 నుంచి రాయాలన్నారు. డిసెంబరు 16న ఫలితాలు వెలువడ్డాయి. 4,59,242 మంది రాయగా 2,24,012 మంది మాత్రమే నెగ్గారు. సగానికి పైగా తప్పారు. కొందరు పిల్లలు ప్రాణాలు తీసుకున్నారన్న వార్తలు వచ్చాయి. విద్యార్థులు రోడ్డెక్కారు. డిసెంబరు 24న అప్పటి విద్యాశాఖ మంత్రి శ్రీమతి సబితా ఇంద్రారెడ్డి, తప్పిన వారందరికీ కనీస మార్కులైన 35 ఇచ్చి ఉత్తీర్ణులను చేస్తున్నట్లు ప్రకటించారు. పోయిన పిల్లల ఇళ్లకు ఆ ప్రకటన వల్ల ఒరిగిందేమీ లేదు.

అందుచేత పరీక్ష రద్దయినా పుస్తకాలు అమ్మవద్దు. కనీసం ఏడాది పాటు అటక మీదనైనా ఉంచండి. రోజుకు రెండు గంటలు, అదే వేళకు, అదే చోట చదివించండి. చేను పనికి, దుకాణం పనికి పిల్లవాడి అవసరం ఉంటే పూట పనికి తీసుకుపోవచ్చు, పూర్తిగా పనిలో దింపితే మళ్లీ బడి మెట్లు ఎక్కించడం కష్టం. ధూల్‌పేటలో వినాయక విగ్రహాలకు రంగులు వేసే కుర్రవాడికైనా, మన ఊళ్లో బోరు మోటారు దగ్గర కాపలా ఉండే కుర్రవాడికైనా చేతిలో నాలుగు డబ్బులు ఆడితే చదువు చేదవుతుంది.

మరొక ఉపాయం ఉంది. దీనికి ఖర్చు లేదు. పరీక్ష జరగవలసిన తేదీన, జరగవలసిన గంటకే, పాత ప్రశ్నపత్రం ఒకటి ముందు పెట్టి పిల్లవాడి చేత ఇంట్లోనే రాయించాలి. గడియారం పెట్టాలి, ఫోను తీసి పక్కన పెట్టాలి. రాసిన కాగితాలు ఊళ్లోని మాస్టారి చేత దిద్దించాలి. ఎవరూ అడగని పరీక్ష ఎందుకని మొదట విసుక్కుంటారు. రాసిన తరువాత మాత్రం "నాకు లెక్కల్లో ఎనభై వచ్చేవి" అని తనకు తాను చెప్పుకోగలుగుతాడు. మెమోలో ఏమున్నా ఆ మాట వాడిది. ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి పంచాయతీ ఆఫీసు వరండాలో కూర్చుని రాస్తే మరీ మంచిది.

రాయకుండా గట్టెక్కిన పిల్లలు ఎందుకూ కొరగారన్న మాట కూడా నిలిచేది కాదు. ఫ్రాన్సు దేశంలో 1968 మే నెలలో విద్యార్థుల అలజడి వల్ల పాఠశాల చివరి పరీక్షలో రాత భాగం ఎత్తివేసి, నోటి ప్రశ్నలతో సరిపెట్టారు. ఎన్నడూ లేనంత మంది ఉత్తీర్ణులయ్యారు. ఎరిక్ మోరాన్, శాండ్రా మెక్‌నలీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు వారి తరువాతి జీవితాన్ని పరిశీలించి 2008లో ఒక వ్యాసం వెలువరించారు. ఆ వెసులుబాటుతో కాలేజీ మెట్లు ఎక్కినవారు ఎక్కువ చదివి, మంచి జీతాలు తెచ్చుకున్నారనీ, వారి పిల్లలు కూడా చదువులో ముందున్నారనీ తేలింది. మన 2020 నాటి పిల్లలిప్పుడు ఇరవై దాటారు. వారిని ఇంకా ఆ పేరుతో పిలవడం ఆపితే బాగుండును.

ఈ లక్షణాలు కనిపిస్తే

కొద్ది రోజులు దిగులుగా ఉండడం సహజం. కానీ రెండు వారాలు దాటినా సరిగా తినకపోవడం, రాత్రులు నిద్రపోకపోవడం, స్నేహితులను తప్పించుకు తిరగడం, ఇష్టమైన వస్తువులు ఇతరులకు పంచిపెట్టడం, "నేను లేకపోతే మీకే మేలు" వంటి మాటలు అనడం కనిపిస్తే ఉపేక్షించరాదు. చనిపోవాలనిపిస్తున్నదా అని నెమ్మదిగా, సూటిగా అడగవచ్చు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం అక్కరలేదు, అడిగితే బరువు దిగుతుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా ఎవరో ఒకరు దగ్గర ఉండాలి. పురుగుల మందు డబ్బాలు ఇంట్లో ఉంటే తాళం వేసి, తాళంచెవి పెద్దలు దగ్గర పెట్టుకోవాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే డబ్బు ఖర్చు లేకుండా, రాత్రీ పగలూ, తెలుగులోనే మాట్లాడే కౌన్సిలర్లు ఉంటారు. ఇది 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవ. జిల్లా ఆసుపత్రిలోనూ మానసిక వైద్యుణ్ణి గూర్చి వాకబు చేయవచ్చు.

ఆడపిల్లల విషయంలో ఒక మాట. పరీక్ష లేదు, బడి లేదు అనగానే సంబంధాలు చూసే ఇళ్లు పాతబస్తీలోనూ ఉన్నాయి, పల్లెల్లోనూ ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు నిండకుండా పెళ్లి చేయడం నేరం. అలాంటి ప్రయత్నం తెలిస్తే 1098కి ఫోను చేయవచ్చు. పరీక్ష రద్దయితే పిల్లను ఖాళీగా ఉంచకుండా బడికి తీసుకుపోయి మెమో, టి.సి. ఎప్పుడు ఇస్తారో కనుక్కోండి. జూనియర్ కాలేజీ, పాలిటెక్నిక్, ఐ.టి.ఐ. దరఖాస్తుల గడువులు ఒక కాగితం మీద రాయించి గోడకు అంటించండి. గ్రామీణ డాక్ సేవక్ వంటి కొలువులకు పదవ తరగతి మెమోలోని అంకెలే చూస్తారు. కాబట్టి మెమో చేతికి రాగానే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ సరిగా ఉన్నాయో లేదో చూసుకుని, తప్పుంటే అప్పుడే ప్రధానోపాధ్యాయుని ద్వారా దిద్దించుకోవాలి.