లారీ చక్రము పట్టదలచినవారికి

అమెరికాలోని తెలుగువారిలో, నలువది ఏబది సంవత్సరముల ప్రాయమున, కంప్యూటరు ఉద్యోగము చేజారినందుననో, దినమెల్ల తెర ముందు కూర్చుండి మనసు విరిగినందుననో, లారీ నడుపు వృత్తిని గూర్చి విచారించువారు ఇటీవల అక్కడక్కడ కానవచ్చుచున్నారు. అయితే వారిలో పెక్కుమంది ఆ విచారణను నలుగురి యెదుట గాక చాటుగా చేయుచుండుట నాకు మిక్కిలి ఖేదము కలిగించుచున్నది. కృష్ణా, గుంటూరు మండలములలో క్లీనరుగా చేరి, డ్రైవరై, అప్పు చేసి ఒక లారీ కొని, దాని రాబడితో బిడ్డలను ఇంజనీరింగు చదివించిన తండ్రులెందరో కలరు; విజయవాడ ఆటోనగరులో బాడీలు కట్టువారును, కమానుకట్టలు మార్చువారును ఆ లారీల ఆధారముననే సంసారములు నిలుపుకొనిరి. అట్టి సీమనుండి వచ్చిన మనము ఈ వృత్తి యెడ సిగ్గుపడుటకు కారణమేదియు లేదు. చేరుటకు ముందు దాని నియమములను, ముఖ్యముగా దాని జీతపు లెక్కను, చక్కగా తెలిసికొనవలెనని మాత్రము నా కోరిక.

మొట్టమొదట తేల్చుకొనవలసినది వలస హోదా. హెచ్-1బీ వీసా డిగ్రీ చదువు కోరు ప్రత్యేక వృత్తికిని, ఒక నిర్ణీత యజమానికిని కట్టుబడినది కావున, ఉద్యోగము పోయిన పిమ్మట లభించు 60 దినముల గడువులో లారీ డ్రైవరుగా మారుదమనుకొనుట ఆ వీసాపై సాధ్యము కాదు. గ్రీన్‌కార్డో పౌరసత్వమో చేతికి వచ్చినవారే నిశ్చింతగా ఈ దారి పట్టవచ్చును. 2025 నుండి తాత్కాలిక హోదా గలవారికి వాణిజ్య లైసెన్సు లిచ్చుటయందును, డ్రైవరుల ఆంగ్ల పరిజ్ఞానమును దారిలోనే పరీక్షించుటయందును ప్రభుత్వము మిక్కిలి కఠినముగా వ్యవహరించుచున్నది.

ట్రాక్టరు ట్రైలరును నడుపుటకు క్లాస్-ఏ వాణిజ్య లైసెన్సు, అనగా సీడీఎల్, కావలెను. రాష్ట్రముల ఎల్లలు దాటి నడుపుటకు 21 ఏండ్లు నిండియుండవలెనే గాని, పై వయసునకు పరిమితి లేదు. వైద్యపరీక్షలో చూపు, వినికిడి, రక్తపుపోటు చూతురు. మనవారిలో మధుమేహము మెండు గనుక చెప్పుచున్నాను, ఇన్సులిను తీసికొనువారికి పూర్వము ప్రత్యేక మినహాయింపు లేనిదే అనుమతి దొరకెడిది కాదు, 2018లో మారిన నియమమువలన వైద్యుని పత్రముతో ఇప్పుడు దొరకుచున్నది. 2022 ఫిబ్రవరి 7 నుండి, క్రొత్తగా చేరువారు ప్రభుత్వ పట్టికలో నమోదైన శిక్షణాలయముననే నేర్వవలెను. అయితే ఇన్ని గంటలు నేర్పవలెనని కేంద్ర నియమము నిర్ణయింపలేదు. కావున రుసుము చెల్లించుటకు ముందే, ఒక్కొక్క విద్యార్థి స్వయముగా చక్రము పట్టి ఎన్ని గంటలు నడుపునో, ఒక్క బండికి ఎందరు వేచియుందురో అడిగి తెలిసికొనుట యుక్తము.

పరీక్షలో మూడు భాగములు కలవు: బండిని తనిఖీ చేసి చూపుట, వెనుకకు నడపి నిర్ణీత స్థలములో నిలుపుట, రోడ్డుపై నడుపుట. వీనిలో తనిఖీయే ఈ వృత్తికి ప్రాణమని నా నమ్మకము. సరుకుతో కూడి 80,000 పౌండ్లు తూగు ఆ వాహనమును ఆపునది సంపీడిత వాయువు. వెనుక చక్రముల కడ బిగుసుకొనుటకు సిద్ధముగా నున్న బలమైన స్ప్రింగులను ఆ వాయువే వెనుకకు నెట్టి పట్టియుంచును. గాలి కారిపోయి ఒత్తిడి చదరపు అంగుళమునకు 45, 20 పౌండ్ల నడుమకు దిగజారెనా, ఆ స్ప్రింగులు తమంతట తామే బ్రేకులను బిగించివేయును. అందువలన ప్రతి ఉదయము గాలి ఎంత కారుచున్నదో కొలిచి, గొట్టములను తడిమి చూచి, పిమ్మటనే బండి కదలింపవలెను. కాలిఫోర్నియాలోని డోనర్ కనుమవంటి, ఏడువేల అడుగులకు పైబడిన చోటినుండి దిగునపుడు, దిగుడు మొదలు కాకమునుపే తక్కువ గేరునకు రావలెను; ఎంతసేపును బ్రేకు త్రొక్కుచు దిగినచో అది కాగి పట్టు వదలును. ఇది మన ఘాటు రోడ్ల డ్రైవరులు ఏ పుస్తకమును చదువకయే ఎరిగిన విద్య.

ఇక జీతము. దూరప్రయాణముల డ్రైవరునకు సాధారణముగా వేతనము గంటలకు గాక మైళ్ళకు ముట్టును. వరుసగా 10 గంటలు విశ్రమించిన మీదట 14 గంటల వ్యవధి మొదలగును. అందులో బండి నడుపదగినది 11 గంటలు మాత్రమే. ఎనిమిది గంటలు నడపిన పిమ్మట అరగంట విరామము తప్పదు. 2017 డిసెంబరు నుండి ఈ లెక్కను డ్రైవరు కాగితముపై వ్రాయుటకు బదులు, ఇంజనునకు తగిలించిన ఎలక్ట్రానిక్ పరికరమే నమోదు చేయుచున్నది. గిడ్డంగి వాకిట సరుకు దించువారికై నాలుగు గంటలు వేచియున్నను ఆ 14 గంటల వ్యవధి కరగుచునే యుండును, మైళ్ళు మాత్రము పెరుగవు. ఉదాహరణకు, మైలునకు 55 సెంట్ల చొప్పున 500 మైళ్ళు నడపినవానికి 275 డాలర్లు వచ్చును. ఆ పనికి 14 గంటలు పట్టెనేని గంటకు ఇరువది డాలర్లయినను గిట్టుబాటు కాలేదన్నమాట. దీనికి తోడు, రాష్ట్రముల ఎల్లలు దాటు లారీ డ్రైవరులకు 1938 నాటి కార్మిక శాసనములోని ఓవర్‌టైము నియమము సామాన్యముగా వర్తింపదు. 1980లో రవాణా ధరలపై ప్రభుత్వపు అదుపును సడలించు శాసనము వచ్చిన పిమ్మట కంపెనీల నడుమ పోటీ పెచ్చు పెరిగి, కార్మికసంఘములు బలము కోల్పోయి, పూర్వము మధ్యతరగతి సంసారమును సుఖముగా నడపిన ఆ వేతనము క్షీణించినది. 2024 మే నాటి ప్రభుత్వ గణాంకము ప్రకారము భారీ లారీ డ్రైవరుల మధ్యస్థ వార్షిక వేతనము 57,440 డాలర్లు. అనగా సగముమందికి అంతకు తక్కువయే. కంప్యూటరు జీతముపై ఇంటి అప్పు తీసికొన్నవారు భార్యాభర్తలిరువురు కూర్చుండి ఈ అంకెను ముందుంచుకొని లెక్క చూచుకొనవలెను.

మరి బండి సొంతము చేసికొందమన్న ఆశ మన రక్తములోనే ఉన్నది. దానినే కొందరు ఎరగా వాడుదురు. వారమువారము జీతములో కోసికొనుచు, తుదకు బండి నీదే యగునని కంపెనీలు వ్రాయించుకొను అద్దె-కొనుగోలు ఒప్పందములను పరిశీలించిన ప్రభుత్వ నియుక్త సంఘము, వానిని నిషేధింపవలెనని 2025 జనవరిలో సిఫారసు చేసినది. మరమ్మతు ఎవరిది, సరుకు దొరకని వారమున వాయిదా ఎవరు కట్టవలెను, మధ్యలో వదలినచో చెల్లించిన సొమ్ము ఏమగును అను మూడింటికి కాగితముపై స్పష్టమైన సమాధానము లేనిచోట సంతకము చేయరాదు.

దారిలోని బ్రతుకు కఠినమైనది. చీకటి పడుసరికి బండి నిలుపుకొన చోటు దొరకుట దుర్లభము. 2009లో సురక్షితమైన చోటు దొరకక పాడుబడిన పెట్రోలుబంకులో లారీ నిలుపుకొని హతుడైన జేసన్ రివెన్‌బర్గ్ అను డ్రైవరు పేరిట 2012లో అమెరికా కాంగ్రెసు శాసనమే చేసినను, నేటికిని ఆ కొరత తీరలేదు. తిండి విషయమున మాత్రము, ఈ వృత్తిలో మనకు ముందే స్థిరపడిన పంజాబీల ధాబాలు పెద్ద రహదారుల వెంబడి వెలసి, పప్పు, రొట్టె, టీ దొరకునట్లు చేసినవి.

సామాన్యముగా తొలి సంవత్సరము, మొదట శిక్షకుని ప్రక్కనను, పిదప ఒంటరిగాను, వారముల తరబడి ఇంటికి దూరముగానే గడచును. ప్రమాదము గాని, నియమభంగము గాని లేక ఆ సంవత్సరము, ఆ పై సంవత్సరము గడచినచో, ట్యాంకరునకును, వ్రేలిముద్రలతో కూడిన భద్రతా విచారణ అవసరమగు ప్రమాదకర సరుకులకును విడివిడిగా అనుమతులు సంపాదించి, రాత్రికి ఇల్లు చేరగల స్థానిక మార్గములకు దరఖాస్తు చేసికొనవచ్చును. అట్టి పనులలో మైలునకు గాక గంటకు జీతమిచ్చునవి చాల కలవు.