పేస్ట్ మార్చినా ల్యాప్‌టాప్ 95 డిగ్రీలే చూపిస్తోందా? వాట్స్ చూడండి

గేమ్ ఆడుతుంటే ప్రాసెసర్ 95 డిగ్రీలు. థర్మల్ పేస్ట్ మార్పించారు. మళ్లీ చూస్తే అదే 95! డబ్బులు దండగ అనుకోకండి. ఈమధ్య వస్తున్న గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్ టెంపరేచర్ లిమిట్ దాకా వెళ్లి అక్కడే నిలబడేలా సెట్ చేసి ఉంటుంది. కూలింగ్ మెరుగైతే ఆ వెసులుబాటునంతా స్పీడ్ పెంచుకోవడానికే వాడేస్తుంది. కాబట్టి డిగ్రీలు చూసి లాభం లేదు.

హెచ్‌డబ్ల్యూఇన్‌ఫోలో సీపీయూ ప్యాకేజ్ పవర్ అనే లైన్ ఉంటుంది, అది చూడండి. సినీబెంచ్ ఆర్23ని 10 నిమిషాలు నడపండి. ఉదాహరణకి పాత పేస్ట్‌తో 95 డిగ్రీల దగ్గర 35 వాట్లే లాగి, కొత్తదానితో అదే 95 దగ్గర 50 వాట్లు లాగితే మీ డబ్బు వసూలైనట్టే. రెండుసార్లూ గది, ఫ్యాన్ మోడ్ ఒకటే ఉండాలి. మే నెల మధ్యాహ్నం విజయవాడలో ఒక టెస్ట్, రాత్రి ఏసీలో ఇంకో టెస్ట్ చేసి పోలిస్తే అర్థం లేదు. గది ఎన్ని డిగ్రీలు వేడెక్కితే ప్రాసెసర్‌కీ దాదాపు అన్ని డిగ్రీలు కలుస్తాయి.

అసలు తప్పు పేస్ట్‌దేనా? లోడ్ పడిన రెండు సెకన్లలోనే లిమిట్ తాకి, వాట్స్ కూడా అప్పుడే పడిపోతే చిప్‌కీ రాగి ప్లేట్‌కీ మధ్య కాంటాక్ట్ పోయిందని అనుమానించాలి. మొదట బాగానే ఉండి నాలుగైదు నిమిషాలకి నీరసపడితే ముందు ఫ్యాన్ తీసి చూడండి. ఫ్యాన్‌కీ రేకులకీ మధ్య దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. ఇలాంటి మెషీన్‌కి ఎంత ఖరీదైన పేస్ట్ రాసినా వృథానే.

వేడిని మోయడంలో రాగి విలువ దాదాపు 400 అయితే గాలిది 0.026. మంచి పేస్ట్ కూడా 10 దరిదాపుల్లోనే. అంటే రాగితో పోలిస్తే పేస్ట్ నాసిరకమే, గాలిని బయటికి నెట్టడమే దాని పని. అందుకే పొర పలచగా ఉండాలి. అలాగని డెస్క్‌టాప్‌లో లాగా మధ్యలో బఠాణీ గింజంత పెట్టి వదిలేస్తే ల్యాప్‌టాప్‌లో రిస్క్. ఇక్కడ చిప్ మీద మెటల్ మూత ఉండదు. ఒక్క మూల పేస్ట్ అందకపోయినా అక్కడి కోర్ కాలిపోతూ ఉంటుంది. చిప్ మొత్తం కప్పేలా పరిచేయండి.

ఇంకో చిక్కు, పంప్ అవుట్. చిప్, ప్లేట్ వేడికి వ్యాకోచించి, చల్లారి ముడుచుకుంటూ పేస్ట్‌ని కొంచెం కొంచెంగా అంచులకి తోసేస్తాయి. జారుడు పేస్ట్‌లైతే కొన్ని నెలలకే మొదటికొస్తారు. గట్టిగా ఉండేవి మేలు. నన్నడిగితే హనీవెల్ పీటీఎం7950 షీట్ ఇంకా మేలు. మామూలుగా గట్టిగా ఉండి, 45 డిగ్రీల దగ్గర మెత్తబడి సందుల్లోకి సర్దుకుంటుంది. లిక్విడ్ మెటల్ జోలికి మాత్రం ఇంట్లో వెళ్లొద్దు. పీఎస్5లో సోనీ వాడింది నిజమే, కానీ అది బయటికి కారకుండా చుట్టూ సీల్ పెట్టింది. అందులోని గాలియం అల్యూమినియంని తినేస్తుంది, బోర్డు మీద చుక్క పడితే షార్టే.

విప్పే ముందు బ్యాటరీ కనెక్టర్ తీసేయండి. స్క్రూల పక్కన 1, 2, 3 అని అంకెలుంటాయి, బిగించేటప్పుడు ఆ వరుసలోనే కొంచెం కొంచెంగా బిగించాలి, విప్పేటప్పుడు రివర్స్‌లో. గ్రాఫిక్స్ మెమరీ మీది ప్యాడ్ చిరిగితే అదే మందం ఉన్నది తెచ్చుకోండి. అర మిల్లీమీటర్ ఎక్కువైనా ప్లేట్ పైకి లేచిపోయి చిప్‌ని సరిగ్గా తాకదు.