ఫోన్లో వైద్యం గురించి ఎక్కడ వెతకాలి? అపోహలు – వాస్తవాలు

సూరత్ నుంచి హజీరా వెళ్లే రోడ్డు మీద ఉంది ఇచ్ఛాపూర్. ఈ దారి పొడవునా ఉన్న ఫ్యాక్టరీల్లో పనిచేసే తెలుగువాళ్లకైనా, సూరత్ లింబాయత్‌లో మగ్గాలను నమ్ముకుని బతికే సిరిసిల్ల, వరంగల్ కుటుంబాలకైనా ఒంట్లో బాగాలేకపోతే సొంతూరి డాక్టరుకు ఫోన్ చేయాలనిపిస్తుంది. ఆయనకు మన భాష తెలుసు, మన పాత జబ్బూ తెలుసు. ఆ ఇళ్లలో నర్సింగో ఫార్మసీనో చదివే పిల్లలు టెలిమెడిసిన్ మీద ప్రాజెక్టు రాయాల్సి వస్తే ప్రశ్న ఇంట్లోనే దొరుకుతుంది: ఇచ్ఛాపూర్‌లో ఉన్న బీపీ పేషెంటును కరీంనగర్ డాక్టరు ఫోన్లో చూడొచ్చా? చూస్తే బీపీ తగ్గుతుందా?

మొదటిది నిబంధనల ప్రశ్న, రెండోది ఫలితాల ప్రశ్న. రెండింటికీ జవాబు ఒకే చోట ఉండదు. గూగుల్ వంటి సెర్చ్ ఇంజిన్ గొప్పదా, పబ్‌మెడ్ వంటి లైబ్రరీ డేటాబేస్ గొప్పదా అన్న వాదన తేలకపోవడానికి కారణం ఇదే.

అపోహ 1: పరిశోధనకు డేటాబేస్ ఒక్కటే మార్గం, గూగుల్ పనికిరాదు.

వాస్తవం: మొదటి ప్రశ్నకు గూగులే దగ్గరి దారి. పబ్‌మెడ్‌లో వెతికితే నిబంధనల మీద రాసిన వ్యాసాలు వస్తాయి, నిబంధనలు రావు. అసలు పత్రం 2020 మార్చి 25న వెలువడిన టెలిమెడిసిన్ ప్రాక్టీస్ గైడ్‌లైన్స్. అది ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పీడీఎఫ్‌గా ఉంటుంది. రిజిస్టర్డ్ డాక్టరు దేశంలో ఏ మూల ఉన్న రోగికైనా టెలిమెడిసిన్ ద్వారా సలహా ఇవ్వొచ్చని అందులో స్పష్టంగా ఉంది. కాబట్టి కరీంనగర్ డాక్టరు చూడొచ్చు. అయితే షెడ్యూల్ ఎక్స్ మందులు, మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందులు ఈ పద్ధతిలో రాయకూడదు. జీవోలు, పత్రికా ప్రకటనలు, 2019 నవంబరులో మొదలైన ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవని వివరాలు కూడా ఇలాగే ప్రభుత్వ వెబ్‌సైట్లలో దొరుకుతాయి. వాటిని వైద్య డేటాబేస్‌లో ఆశించడం వృథా.

అపోహ 2: గూగుల్‌లో పైన వచ్చిందే సరైన సమాచారం.

వాస్తవం: మీరు ఎక్కడి నుంచి, ఏ భాషలో అడుగుతున్నారన్నది కూడా ఫలితాల వరుసను మారుస్తుంది. కొన్నిసార్లు అన్నిటికంటే పైన ఉండేది ప్రకటన. ఇచ్ఛాపూర్‌లో కూర్చుని టెలిమెడిసిన్ అని కొడితే సూరత్ ఆసుపత్రులు, డాక్టర్ యాప్‌లు ముందుకు రావడంలో వింత లేదు.

తేదీ చూసుకోకపోతే ఇంకా పెద్ద చిక్కు. నేషనల్ మెడికల్ కమిషన్ 2023 ఆగస్టు 2న డాక్టర్ల వృత్తి నియమావళిని కొత్తగా నోటిఫై చేసింది. టెలిమెడిసిన్ నిబంధనలూ అందులో ఉన్నాయి. అదే నెల 23న దాన్ని పక్కన పెట్టి 2002 నాటి నియమావళినే మళ్లీ అమలులోకి తెచ్చింది. ఆ మూడు వారాల్లో ‘కొత్త నిబంధనలు వచ్చేశాయి’ అని రాసిన పేజీలు మాత్రం తమంతట తాము చెరిగిపోవు. ఏ పేజీ తెరిచినా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఇది ఎప్పటిది? ఇప్పుడు అమల్లో ఉందా?

అపోహ 3: ‘టెలిమెడిసిన్’ అని కొడితే అన్నీ వచ్చేస్తాయి.

వాస్తవం: ఈ రంగానికి పేర్లు ఎక్కువ. చిత్తూరు జిల్లా అరగొండలో అపోలో టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న నాటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించినప్పుడు వాడుకలో ఉన్న మాట టెలిమెడిసిన్. తర్వాత టెలిహెల్త్, ఈ-హెల్త్, మొబైల్ హెల్త్, రిమోట్ కన్సల్టేషన్ అంటూ ఒకరు ఒకలా రాశారు. గూగుల్ కొన్ని పర్యాయపదాలను తనే ఊహిస్తుంది. ఏవి కలుపుకుందో, ఏవి వదిలేసిందో మనకు చెప్పదు.

డేటాబేస్ అసలు బలం ఇక్కడే బయటపడుతుంది. పబ్‌మెడ్‌ను నడిపే అమెరికా నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్ దగ్గర ‘మెష్’ అనే విషయ పదాల పట్టిక ఉంది. ‘టెలిమెడిసిన్’ 1993లో అందులో చేరింది. రచయిత టెలిహెల్త్ అన్నా, మొబైల్ హెల్త్ అన్నా వ్యాసాన్ని ఆ శీర్షిక కిందికి చేరుస్తారు. రిమోట్ కన్సల్టేషన్, టెలిరేడియాలజీ వంటివి దాని కింద శాఖలు. మన ఇళ్లలో అనే ‘బీపీ’కి అక్కడి శీర్షిక హైపర్‌టెన్షన్, ‘షుగర్’కి డయాబెటిస్ మెల్లిటస్. సరైన రెండు శీర్షికలను ‘అండ్’తో కలిపితే గుంపులో మనకు కావాల్సిన వ్యాసాలు విడిగా వస్తాయి. పబ్‌మెడ్‌లో కనిపించే ప్రతి వ్యాసానికీ మెష్ శీర్షిక ఉండదు కనుక మామూలు మాటలను కూడా ‘ఆర్’తో జత చేయాలి.

మన రెండో ప్రశ్నకు జవాబు ఈ దారిలోనే దొరుకుతుంది. 2017లో ప్లాస్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ, ఇంట్లో బీపీ చూసుకునేవాళ్ల మీద జరిగిన ట్రయల్స్‌ను ఒకచోట చేర్చింది. ఊరికే మిషన్‌తో చూసుకుంటే పెద్దగా తేడా లేదు. దానికి వైద్య సిబ్బంది గట్టి తోడ్పాటు కలిసినప్పుడు పై అంకె ఏడాది తర్వాత సగటున 6 పాయింట్ల దాకా తగ్గింది. అంటే మిషన్ కొనుక్కుంటే సరిపోదు, ఆ అంకెలు చూసి సలహా చెప్పే మనిషి ఉండాలి.

అపోహ 4: డేటాబేస్‌లో ఉందంటే కళ్లు మూసుకుని నమ్మొచ్చు.

వాస్తవం: కోవిడ్ రోగులకు ఇచ్చిన హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు మీద 2020 మే 22న లాన్సెట్ వైద్య పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. 671 ఆసుపత్రుల నుంచి 96,000 మంది రోగుల వివరాలు తీసుకున్నామన్నారు. ఆ డేటాను ఎవరూ సరిచూడలేకపోవడంతో జూన్ 4న వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. పబ్‌మెడ్‌లో అది ఇప్పటికీ ఉంది, కాకపోతే ‘రిట్రాక్టెడ్’ అన్న ముద్రతో. మంచి డేటాబేస్ తప్పును దాచదు, గుర్తు పెట్టి చూపిస్తుంది. ఎక్కడో కాపీగా తిరిగే పీడీఎఫ్‌కు ఆ ముద్ర ఉండకపోవచ్చు.

పేరుకే జర్నళ్లయిన వాటి బెడద మన గడప దగ్గరే ఉంది. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ గ్రూప్ తన జర్నళ్లలో నిపుణుల సమీక్ష విషయంలో, వసూలు చేసే రుసుముల విషయంలో రచయితలను మోసగించిందంటూ 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పు ఇచ్చింది. జర్నల్ పేరు ఎంత గంభీరంగా ఉన్నా సంపాదకులెవరో, సమీక్ష ఎలా చేస్తారో చూడాల్సిందే.

అపోహ 5: డేటాబేస్‌లు డబ్బున్న కాలేజీలకే.

వాస్తవం: పబ్‌మెడ్ ఎవరికైనా ఉచితం. పబ్‌మెడ్ సెంట్రల్‌లో పూర్తి వ్యాసాలే ఉచితంగా చదవొచ్చు. భారతీయ పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలకు శోధ్‌గంగ ఉంది. దాన్ని నడిపే ఇన్‌ఫ్లిబ్‌నెట్ గుజరాత్‌లోనే, గాంధీనగర్‌లో ఉంది.

కేంద్ర క్యాబినెట్ 2024 నవంబరు 25న ఆమోదించిన జర్నళ్ల చందా పథకం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ కూడా ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారానే అమలవుతోంది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 జర్నళ్లు. ఇది దేశంలో అందరికీ వర్తిస్తుందనుకోవడం ఇంకో అపోహ. కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఉద్దేశించిన పథకమిది. సూరత్‌లోని కేంద్ర విద్యాసంస్థ ఎస్‌వీఎన్ఐటీ విద్యార్థికి తెరుచుకునే వ్యాసం పక్క ప్రైవేటు కాలేజీ విద్యార్థికి తెరుచుకోకపోవచ్చు. అలాంటప్పుడు ఉచిత ప్రతి ఉందేమో చూడాలి, లేదంటే రచయితకే మెయిల్ పెట్టి అడగాలి. చాలామంది పంపిస్తారు.

అపోహ 6: గూగుల్ స్కాలర్, ఏఐ ఉన్నాక ఇంకేమీ అక్కర్లేదు.

వాస్తవం: 2004లో వచ్చిన గూగుల్ స్కాలర్, చేతిలో ఉన్న ఒక మంచి వ్యాసాన్ని తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూడడానికి బాగా పనికొస్తుంది. కానీ లక్ష ఫలితాలున్నాయని చెప్పినా మొదటి వెయ్యి మాత్రమే చూపిస్తుంది. మెష్ లాంటి శీర్షికలూ లేవు. ఏఐ చాట్‌బాట్ ఏ మాటలతో వెతకాలో సూచించగలదు. అది ఇచ్చే రిఫరెన్సుల్లో మాత్రం అసలు లేని వ్యాసాలు ఉండొచ్చు, కాబట్టి ప్రతిదాన్నీ పబ్‌మెడ్‌లో సరిచూసుకోవాలి.

పరిశోధనలో వెతుకులాటకు కూడా లెక్క చెప్పాలి. ఏ డేటాబేస్‌లో, ఏ మాటలతో, ఏ తేదీన వెతికారో, ఎన్ని వచ్చాయో, ఎన్ని వదిలేశారో, ఎందుకు వదిలేశారో రాసిపెట్టుకోవాలి. సమీక్షా వ్యాసాలకు ప్రామాణికమైన ప్రిస్మా నిబంధనలు అడిగేదీ ఈ వివరాలనే. పబ్‌మెడ్‌లో మీ సెర్చ్‌ను యథాతథంగా భద్రపరచుకోవచ్చు, రేపు ఇంకొకరు అదే నడిపి సరిచూడొచ్చు. గూగుల్ ఫలితం మనిషికి మనిషికి మారుతుంది కనుక అక్కడ దొరికిన పత్రం లింకు, చూసిన తేదీ మీరే రాసుకోవాలి. మార్కులు వేసే మాస్టారు ‘ఇది ఎక్కడిది?’ అని అడిగితే ‘నెట్‌లో చూశాను’ అన్నది జవాబు కాదు.