చేరడం సరే, ఉండిపోవడానికి కారణమేది?

బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటల్లో గేమ్ మాస్టర్ లోకాన్ని వర్ణిస్తాడు, ఆటగాళ్లు తమ తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు, ఎటూ తేలనిచోట పాచికలు తేలుస్తాయి. కథ నెలల తరబడి సాగుతుంది కాబట్టి మధ్యలో ఒక పాత్ర చచ్చిపోవడం, కొత్త ఆటగాడు రావడం మామూలే. చిక్కంతా అక్కడే. కలిసి దెబ్బలు తిన్న నలుగురి మధ్యకు ముక్కూమొహం తెలియని ఐదోవాడు ఎందుకొస్తాడు? వాళ్లు ఎందుకు రానిస్తారు? చాలామంది చేరడానికి ఏదో ఒక కారణం వెతికి ఊరుకుంటారు. వెతకాల్సింది ఉండిపోయే కారణం. అది జట్టు తలపెట్టిన పనిలో కన్నా జట్టులోని మనిషి దగ్గరే దొరుకుతుంది.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజియన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చినప్పుడు ఈ బాధ లేదు. అప్పటి నిబంధనల్లో పాత్ర ఎదగడానికి కావాల్సిన పాయింట్లలో పెద్ద వాటా నేలమాళిగల్లోంచి మోసుకొచ్చిన సొత్తుదే. పాత్రలు ఇట్టే చచ్చేవి, కొత్తవి ఇట్టే పుట్టేవి. సత్రంలో కలిశారు, నిధి ఉందని విన్నారు, బయల్దేరారు. అందరి ఆశా ఒకటే అయినప్పుడు వేరే కారణం దేనికి? తర్వాత్తర్వాత ఆట కథ వైపు మొగ్గింది, బంగారానికి పాయింట్లు పోయాయి, సత్రం మాత్రం మిగిలింది. 2014 నాటి ఐదో ఎడిషన్ ఈ లోటు పూడ్చబోయి ప్రతి పాత్రకూ ఒక ఆదర్శం, ఒక బంధం, ఒక లోపం రాసుకోమంది. మంచి ఆలోచనే. అయితే నమూనాగా ఇచ్చిన బంధాల్లో ఎక్కువ భాగం బయటివి: ఎప్పుడో పోయిన పవిత్ర వస్తువు, చేరదీసిన గుడి, పగ తీర్చుకోవాల్సిన శత్రువు. జట్టును వదిలి వెళ్లిపోవడానికి కూడా ఇవి దివ్యమైన కారణాలే!

పనితో ముడిపడ్డ కారణం పని తీరగానే చల్లారుతుంది. వాల్మీకి రామాయణంలో సుగ్రీవుడు రాముడితో అగ్నిసాక్షిగా స్నేహం చేశాడు. ఇద్దరూ భార్యలకు దూరమైనవాళ్లే, ఇద్దరూ రాజ్యం పోగొట్టుకున్నవాళ్లే. చేరడానికి ఇంతకన్నా గట్టి కారణం ఉండదు. కానీ వాలి చచ్చి కిష్కింధ చేతికొచ్చాక సుగ్రీవుడు భోగాల్లో మునిగాడు, లక్ష్మణుడు కోపంతో గుమ్మం దాకా రావాల్సి వచ్చింది. అదే మహాభారతంలో కర్ణుణ్ణి చూడండి. యుద్ధానికి ముందు కృష్ణుడు జన్మరహస్యం చెప్పి రాజ్యమే ఇస్తానన్నా దుర్యోధనుణ్ణి వదల్లేదు. కౌరవుల గెలుపు మీద అతనికి నమ్మకమూ లేదు. పట్టి ఉంచింది మనిషే.

ఈ సంగతి కొందరు ఆట రూపకర్తలు బాగానే పట్టుకున్నారు. 2010లో వచ్చిన 'అపోకలిప్స్ వరల్డ్' పాత్రలు తయారవుతుండగానే ఒకరికి ఒకరు ఎంత తెలుసో అంకెల్లో రాయిస్తుంది. దాని బాటలో వచ్చిన 'డంజియన్ వరల్డ్'లో ఖాళీలున్న వాక్యాలుంటాయి, వాటిని తోటి పాత్రల పేర్లతో నింపాలి. అలాంటి బంధం ఒకటి కొలిక్కి వస్తే పాయింటు దక్కుతుంది. కారణం కాగితం మీద పడి ఉండకుండా ఆటలో కదులుతుంది.

మధ్యలో వచ్చినవాడికి పాత పరిచయం ఎక్కడిదని అడగొచ్చు. అక్కర్లేదు. కురొసావా సినిమా 'సెవెన్ సమురాయ్' (1954)లో రైతుల ఊరిని కాపాడే జట్టులోకి వచ్చే సమురాయ్ గొరొబేకి ఆ రైతుల కష్టం కన్నా అప్పుడే చూసిన జట్టు నాయకుడు కంబే వ్యక్తిత్వమే ఎక్కువగా నచ్చుతుంది, అది చాలు చేరడానికి. ఇక ఎవరితోనూ కలవని ఒంటరి పాత్ర ఆడే హక్కు లేదా అనేది రెండో వాదన. "నా పాత్ర అయితే ఇలాగే చేస్తుంది" అనే మాట బల్లల దగ్గర అరిగిపోయింది. ఆ పాత్రను అలా మలిచింది ఎవరు మరి? ఒంటరివాణ్ణి ఆడొచ్చు, కాకపోతే అతడు ఒక్కరి దగ్గరైనా మెత్తబడాలి. ఇదంతా గేమ్ మాస్టర్ పని అనేవారూ ఉన్నారు. వాళ్లతో నేను ఏకీభవించను. గేమ్ మాస్టర్ సందర్భం కల్పించగలడు, ఇష్టాన్ని కల్పించలేడు.

పాత జట్టుకూ బాధ్యత ఉంది. విభీషణుడు వచ్చినప్పుడు సుగ్రీవుడు శంకించాడు, హనుమంతుడు వెనకేసుకొచ్చాడు, రాముడు అభయమిచ్చి లంక బలాబలాలు అడిగాడు. అనుమానించేవాడు ఒకడు, పూచీపడేవాడు ఒకడు, అడిగేవాడు ఒకడు: కొత్త పాత్రకు ఇంతకన్నా మంచి ప్రవేశం దొరకదు. ఎవరూ ఏమీ అడక్కుండా "సరే, మాతో రా" అంటే మాత్రం ఆ పాత్ర పాచికలు వేసే చెయ్యిగా మిగులుతుంది.

కాబట్టి కొత్త పాత్రతో వచ్చేవారు మూడు పేజీల పూర్వకథ రాసుకురానక్కర్లేదు. జట్టులో ఒకరి పేరు, ఆ మనిషితో ఇంకా తీరని లెక్క ఒకటి రాసుకోండి. ఆట మొదలవక ముందే ఆ పాత్ర ఆడేవారికి చెప్పి ఒప్పించుకోండి.