అరవై సెంటీమీటర్ల అద్దంలో ఏడు గ్రహాలు

2015 సెప్టెంబరులో చిలీ దేశపు లా సిల్లా కొండ మీది ‘ట్రాపిస్ట్’ టెలిస్కోపు కుంభరాశిలోని ఓ మసక ఎర్ర నక్షత్రం మీద చూపు నిలిపింది. దాని అద్దం వెడల్పు 60 సెంటీమీటర్లే. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయానికి చెందిన మికాయెల్ జియోన్ బృందం డిసెంబరు చివరిదాకా 62 రాత్రులు, మొత్తం 245 గంటలు ఆ నక్షత్రాన్నే చూసింది. ఉండి ఉండి దాని వెలుగు ఒక శాతం లోపు తగ్గేది, అరగంటకో గంటకో మళ్లీ మామూలయ్యేది. దాని ముందు నుంచి గ్రహాలు దాటిపోతున్నాయన్నమాట.

అంత చిన్న అద్దానికి ఇది ఎలా సాధ్యమైంది? నక్షత్రం కూడా చిన్నది కాబట్టి. భూమిని మిరియపు గింజ అనుకుంటే సూర్యుడు సైకిలు చక్రమంత ఉంటాడు. చక్రం ముందు మిరియం అడ్డొస్తే తగ్గే వెలుగు పదివేలలో ఒక వంతు కూడా ఉండదు. ట్రాపిస్ట్-1 అని పేరు పెట్టిన ఈ నక్షత్రం అదే కొలతలో బత్తాయి పండంత. బత్తాయి ముందు మిరియం దాగదు.

అయినా నేల మీది నుంచి చూడటంలో ఒక చిక్కుంది. నక్షత్రం నిజంగా మసకబారిందా, గాలి వల్ల అలా కనబడిందా అని తేల్చడానికి పక్కనున్న నక్షత్రాలతో పోల్చి చూస్తారు. ఆ పక్కవి చాలావరకు ఇంతకన్నా వేడివి, తెల్లటివి. గాలిలో తేమ పెరిగితే, ఎర్ర నక్షత్రం ఎక్కువగా చిమ్మే పరారుణ కాంతికే ఎక్కువ దెబ్బ. అంటే గ్రహమేదీ అడ్డురాకున్నా ఎర్ర నక్షత్రం ఒక్కటే మసకబారినట్టు అనిపిస్తుంది. అందుకే ఒక్కసారి తగ్గితే నమ్మరు. లెక్క ప్రకారం మళ్లీ మళ్లీ తగ్గాలి, మరో చోటి నుంచీ కనబడాలి.

అలా చూసిన చోట్లలో మన లద్దాఖ్ ఒకటి. హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున ఉన్న రెండు మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపును బెంగళూరు దగ్గరి హోస్కోటె నుంచి ఉపగ్రహ సంకేతాలతో నడుపుతారు. చిలీలో తెల్లవారాక మనకు చీకటి పడుతుంది కదా!

2016 మేలో మూడు గ్రహాలని ప్రకటించారు. స్పిట్జర్ అంతరిక్ష టెలిస్కోపు కూడా తోడయ్యాక, 2017 ఫిబ్రవరికి లెక్క ఏడుకు చేరింది. అన్నిటికన్నా లోపలి దానికి ఏడాదంటే ఒకటిన్నర రోజు, చిట్టచివరి దానికి 19 రోజులు. మధ్యలో కనీసం మూడింటికి, వాతావరణం ఉంటే, నీరు నిలిచేంత వెచ్చదనం అందుతోంది.

ఆ ‘ఉంటే’ అన్నదే అసలు ప్రశ్న. ఇలాంటి ఎర్ర నక్షత్రాలు తరచూ జ్వాలలు చిమ్ముతాయి, దగ్గరి గ్రహాల గాలిని ఊడ్చేయగలవు. 2023లో వెలువడిన జేమ్స్ వెబ్ టెలిస్కోపు కొలతల్లో అన్నిటికన్నా లోపలి గ్రహం పగటి వైపు 230 డిగ్రీల సెల్సియస్ వేడి తేలింది, వాతావరణం జాడ కనిపించలేదు. నిరాశే, కానీ మిగతావాటి మీద ఆశ వదులుకోవడానికి అది చాలదు. వెబ్ ఎటు చూడాలో చూపింది మాత్రం ఆ 60 సెంటీమీటర్ల అద్దమే.

కార్తికంలో రాత్రి ఎనిమిది గంటలప్పుడు దక్షిణం వైపు తిరిగి తల బాగా పైకెత్తితే కుంభరాశి ఉంటుంది. ట్రాపిస్ట్-1 కంటికి ఆనదు. అయినా పిల్లలకు ఆ దిక్కు చూపించండి, 40 కాంతి సంవత్సరాల అవతల అక్కడ ఏడు గ్రహాలున్నాయని చెప్పండి.