బళ్ళో ఫిట్స్ వస్తే మందు ఎవరు వేయాలి?

ఫిట్స్ వచ్చిన పిల్లవాడి పక్కన నిలబడ్డవాళ్ళకు ఒక నిమిషం పది నిమిషాల్లా ఉంటుంది. అందుకే ముందు గడియారం చూడండి. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. పిల్లవాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెడితే చాలు. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం వద్దు. ఐదు నిమిషాలు దాటిన ఫిట్స్ మాత్రం తమంతట ఆగడం కష్టం. అరగంట సాగితే మెదడుకే ముప్పు.

రావల్‌కోల్ సంగతే చూడండి. 2005లో మొదలైన 108 సర్వీసుకు పెద్ద కార్యాలయం ఉన్నది మేడ్చల్ రోడ్డు మీది దేవరయాంజాల్‌లోనే. అయినా బండి కార్యాలయం నుంచి రాదు కదా! ఆ పూట ఎక్కడ ఖాళీగా ఉంటే అక్కణ్ణుంచి రావాలి. ఈలోగా పిల్లవాడి దగ్గర ఉండేది పంతులుగారో, ఆయమ్మో.

"మాకు సూది వేయడం రాదండీ, ఏమన్నా అయితే?" అంటారు పంతుళ్ళు. న్యాయమైన భయమే. కాని ఇది సూది కాదు. మిడజోలాం అనే మందు ముక్కులో కొట్టే స్ప్రేగా దొరుకుతుంది. ముక్కు లోపలి పొర గుండా రక్తంలో కలిసి, కొద్ది నిమిషాల్లో పనిచేస్తుంది. ఇంటి దగ్గర తల్లులు వేస్తున్నదే. తల్లికి నేర్పగలిగినది పంతులుగారికి నేర్పలేమా? ఇంగ్లండులో శిక్షణ పొందిన బడి సిబ్బంది ఇలాంటి మందులు వేస్తూనే ఉన్నారు.

కాబట్టి వేయాలనే నా అభిప్రాయం. అయితే బడి బీరువాలో ఒక స్ప్రే పెట్టుకుని, పడిపోయిన ప్రతి పిల్లవాడికీ కొట్టడానికి వీల్లేదు. మోతాదు మించితే ఊపిరి మందగిస్తుంది. ఏ పిల్లవాడికి, ఎన్ని నిమిషాల తర్వాత, ఎన్నిసార్లు నొక్కాలో డాక్టరు కాగితం మీద రాయాలి. తల్లిదండ్రులు సంతకం చేయాలి. వేసిన టైము రాసుకుని, 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా ఊపిరి గమనిస్తూ ఉండాలి. రెండో మోతాదు పంతులుగారి పని కాదు.

అసలు చిక్కు ఇంట్లో ఉంది. ఆడపిల్ల అయితే మరీ, "రేపు పెళ్ళి కావద్దా డాక్టరుగారూ?" అని జబ్బు దాస్తారు. హిందూ వివాహ చట్టంలోంచి మూర్ఛను 1999లోనే తీసేశారు. మన మనసుల్లోంచి ఇంకా పోలేదు! జబ్బుందని తెలియని పంతులుగారు మందెలా వేస్తారు?

జూన్‌లో బడి తెరిచినప్పుడు డాక్టరు కాగితం, గడువు తీరని స్ప్రే హెడ్మాస్టరుగారికి అప్పగించండి. మోతాదు పిల్లల బరువును బట్టి ఉంటుంది గనుక, కాగితం ఏటేటా కొత్తగా రాయించుకోండి.